వాగులో పుట్టే దోమకు ఇంటి గోడకు మందెందుకు?

రాయగడ జిల్లాలో మందు కొట్టేవాళ్లు పంపులు పట్టుకుని ఊళ్లోకి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. దోమ పుట్టేది వాగులో, పొలం పక్క మడుగులో. మందు కొట్టేదేమో ఇంటి లోపలి గోడలకు. నీళ్లలో ఉండగానే చంపేస్తే సరిపోయేదానికి గోడలన్నీ మరకలు చేయడం దేనికి? అడిగేవాళ్లు తెలియక అడుగుతున్నారనుకుంటే పొరపాటు. పెద్దపెద్ద డాక్టర్లు కూడా చాలా ఏళ్లు ఈ ప్రశ్న దగ్గరే తగువులాడుకున్నారు. ఆ తగువును తీర్చింది మందు కాదు, లెక్క. ఆ లెక్క ఎలా పుట్టింది, ఎవరెవరు చేయి వేస్తే అది మన మన్యంలో పనికొచ్చింది, ఇంకా ఎక్కడ ఆగిపోయి ఉంది అన్నదే ఈ వ్యాసం. కాలేజీలో లెక్కలు చెప్పేవాడిగా నాకు ఈ విషయం మీద చాలా పట్టింపు ఉంది.

గుణుపురం, రాయగడ, జయపురం, కోరాపుట్, మల్కాన్‌గిరి వైపు ఉండే మన తెలుగువాళ్లకు మలేరియా గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా జయపురం సీమంతా మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. ఏజెన్సీకి బదిలీ అంటే ఉద్యోగులు ఎందుకు వణికేవారో మన తాతల నోట విన్నదే. మన్యం జ్వరం అనేవారు. 1914లోనే పెర్రీ అనే వైద్యుడు జయపురం కొండల మలేరియా గురించి నివేదిక రాశాడు. తర్వాత బెంగాల్ నాగపూర్ రైల్వేలో మలేరియా నిపుణుడిగా పనిచేసిన సీనియర్ వైట్ ఈ కొండల్లోనే దోమల బతుకు తీరును ఏళ్ల తరబడి చూశాడు. మహారాష్ట్ర వైపు గడ్చిరోలి జిల్లాలో, మన తెలుగు వినిపించే సిరోంచ తాలూకాతో సహా, ఇదే అడవి, ఇదే జ్వరం.

సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో కథ ఇక్కడితో అయిపోతుంది. నన్నడిగితే అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. దోమే కారణమని తేలింది కదా, దోమల్ని తగ్గిస్తే జ్వరం తగ్గాలి. లాహోర్ దగ్గర మియాన్ మీర్ కంటోన్మెంటులో 1901 నుంచి ఆ ప్రయత్నం చేశారు. కాలవలు పూడ్చారు, గుంటలు ఎండగట్టారు. జ్వరం అనుకున్నంత తగ్గలేదు. రాస్ చెప్పింది తప్పని చాలామంది తేల్చేశారు. రాస్ మాత్రం ఒప్పుకోలేదు. మీరు శుభ్రం చేసిన జాగా చిన్నది, పక్క నుంచి దోమలు వచ్చి చేరాయి అన్నాడు. మరి ఎంత జాగా శుభ్రం చేస్తే నడిమధ్య దోమ ఉండదు? ఇది డాక్టరు ఒక్కడూ చెప్పగలిగే జవాబు కాదు.

1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ సభలో రాస్ ఈ ప్రశ్నను లెక్కగా పెట్టాడు. దోమ ఒక చోట పుట్టి, ఎటు పడితే అటు కొంచెం కొంచెంగా ఎగురుతూ పోతే కొన్నాళ్లకు ఎంత దూరం చేరుతుంది? పూర్తి జవాబు తనకు దొరక్క, లండన్‌లో గణాంక శాస్త్రవేత్త కార్ల్ పియర్సన్‌ను అడిగాడు. పియర్సన్‌కూ తెగలేదు. 1905లో నేచర్ పత్రికకు ఉత్తరం రాసి లోకాన్నే అడిగాడు. వెంటనే జవాబిచ్చినవాడు భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ. శబ్ద తరంగాలు ఒకదానిమీద ఒకటి పడితే ఏమవుతుందని లెక్క కట్టినప్పుడు అదే గణితం ఆయనకు ఎప్పుడో తగిలింది. ఇవాళ షేర్ మార్కెట్ నుంచి రసాయన శాస్త్రం దాకా వాడే ‘ర్యాండమ్ వాక్’ అనే పేరు ఆ ఉత్తరంతోనే వాడుకలోకి వచ్చింది. ఆ ఉత్తరం వెనక ఉన్నది మలేరియా దోమ. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరి చదువూ ఒంటరిగా ఆ ప్రశ్నను తేల్చలేకపోయింది.

తర్వాత కొన్నేళ్లకు రాస్ ఇంకో పెద్ద మాట చెప్పాడు. మలేరియా పోవాలంటే ఆఖరి దోమ వరకూ చంపనక్కర్లేదు, ఒక మట్టానికి దించితే చాలు, మిగతాది దానంతటదే ఆరిపోతుంది అన్నాడు. ఎలాగంటే, ఒక్క రోగి నుంచి దోమల ద్వారా సగటున ఎంతమందికి కొత్తగా జ్వరం అంటుతోందో చూడాలి. ఒకరి నుంచి ఇద్దరికి అంటితే అది పెరుగుతూ పోతుంది. ఇద్దరి నుంచి కలిపి ఒక్కరికే అంటుతుంటే తరిగిపోతుంది. ఒకటి అనే అంకెకు పైనా కిందా అన్నదే తేడా. కోవిడ్ రోజుల్లో టీవీల్లో విన్న ‘ఆర్’ విలువకు మూలం ఈ ఆలోచనలోనే ఉంది.

ఆ ‘సగటున ఎంతమందికి’ అన్న అంకె ఎక్కడి నుంచి వస్తుందో 1950ల్లో లండన్‌లో జార్జ్ మెక్‌డొనాల్డ్ విడమరిచి రాశాడు. గోడకు మందెందుకు అన్న ప్రశ్నకు జవాబు అందులో ఉంది.

దోమ రోగిని కుట్టి క్రిమిని తీసుకున్నంత మాత్రాన వెంటనే ఇంకొకరికి అంటించలేదు. క్రిమి దాని కడుపులో పెరిగి, లాలాజల గ్రంథుల్లోకి చేరడానికి మన వేడిలో పది రోజులు పడుతుంది. ఆ పది రోజులూ దోమ బతికి ఉండాలి. ఇవాళ ఉన్న దోమ రేపటికి బతికి ఉండే అవకాశం 0.9 అనుకుందాం. పది రోజులు బతకాలంటే 0.9ను పదిసార్లు హెచ్చించాలి, 0.35 వస్తుంది. అంటే నూటికి ముప్పై ఐదు దోమలు ప్రమాదకరమైన వయసుకు చేరతాయి. అదే రోజువారీ అవకాశం 0.8 అయితే నూటికి పదకొండు. 0.7 అయితే మూడే.

ఇంకొక లెక్క కూడా ఉంది. ఆ వయసుకు చేరిన దోమ ఆపైన ఎన్నాళ్లు బతికి కుడుతూ ఉంటుందన్నది కూడా అదే అవకాశం మీద ఆధారపడుతుంది. 0.9 అయితే తొమ్మిదిన్నర రోజులు, 0.8 అయితే నాలుగున్నర, 0.7 అయితే మూడు రోజుల్లోపే. రెండూ కలిపి హెచ్చిస్తే, అవకాశం 0.9 నుంచి 0.8కి దిగినప్పుడు దోమ జ్వరాన్ని మోసే శక్తి ఏడోవంతుకు పడిపోతుంది. 0.7కి దిగితే నలభయ్యోవంతుకు పడిపోతుంది.

ఇప్పుడు వాగును చూడండి. ఎంతో కష్టపడి వాగులో పిల్లదోమల్ని సగానికి తగ్గించారనుకుందాం. దోమల సంఖ్య సగమవుతుంది, జ్వరం మోసే శక్తి కూడా సగమే అవుతుంది, అంతకు మించి తగ్గదు. అదే కష్టం పెద్ద దోమ ఆయువు మీద పెడితే ఫలితం ఏడింతలు, నలభై ఇంతలు. రక్తం తాగిన ఆడదోమ బరువెక్కి దగ్గర్లోని గోడ మీదో చూరులోనో వాలి, అది అరిగేదాకా కూర్చుంటుంది. దాని ఆయువును కత్తిరించడానికి అంతకంటే మంచి చోటు లేదు. అందుకే గోడకు మందు. మందు పట్టించిన దోమతెర పని కూడా ఇదే, పైగా దోమను మనిషి దగ్గరికి రాకుండా ఆపడం దానికి అదనం. మనిషిని కుట్టడమనేది ఈ లెక్కలో రెండుసార్లు వస్తుంది, క్రిమిని తీసుకోవడానికి ఒకసారి, తిరిగి ఇవ్వడానికి ఒకసారి. కాబట్టి కుట్టడం సగానికి తగ్గితే జ్వరం పావువంతుకు తగ్గుతుంది.

బోర్డు మీద ఇంతవరకూ రాసి చాక్‌పీసు పడేస్తే లెక్కల మాస్టారి పని అయిపోయినట్టే అనిపిస్తుంది. ఆ 0.9 అన్న అంకె మటుకు నేను ఊహించింది. రాయగడ దగ్గర ఏదో కొండ కింద పల్లెలో అది ఎంత? దాన్ని ఎవరు కొలుస్తారు?

కొలిచేవాళ్లు ఉన్నారు. మలేరియా విభాగంలో ఇన్‌సెక్ట్ కలెక్టర్ అనే ఉద్యోగం ఉంటుంది. తెల్లవారకముందే టార్చిలైటు, నోటితో పీల్చే గాజుగొట్టం పట్టుకుని ఇళ్లలోకీ పశువుల సాలల్లోకీ వెళ్లి, గోడల మీద వాలి ఉన్న దోమల్ని ఒక్కొక్కటిగా గొట్టంలోకి లాగుతారు. ప్రయోగశాలలో ఆడదోమ పొట్టను సన్నటి సూదులతో చీల్చి, అండాశయాన్ని బయటికి తీసి మైక్రోస్కోపు కింద పెడతారు. అండాశయం మీద గాలి గొట్టాలు వెంట్రుక కంటే సన్నగా ఉంటాయి. వాటి చివర్లు చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ దోమ ఇంకా గుడ్లు పెట్టలేదు. చుట్టలు విడిపోయి సాగి ఉంటే ఒక్కసారైనా పెట్టింది. రష్యా శాస్త్రవేత్త డెటినోవా ఈ పద్ధతిని ప్రపంచానికి నేర్పింది. నూరు దోమల్లో అరవై నాలుగు గుడ్లు పెట్టినవి అనుకోండి, రక్తం తాగడం నుంచి గుడ్లు పెట్టడం దాకా రెండు రోజులు పడుతుందనుకోండి, అప్పుడు రెండు రోజులు బతికే అవకాశం 0.64. దాని వర్గమూలం 0.8, ఒక్క రోజు బతికే అవకాశం. చీల్చి చూసిన దోమలోంచి వర్గమూలం బయటికి రావడం చూసినప్పుడు నాకు కలిగే సంతోషం వేరు, పిల్లలకు ఏటా చెబుతాను.

ఇక్కడే లెక్కల మనిషీ దోమల మనిషీ ఎదురెదురుగా కూర్చోవాల్సి వస్తుంది. యాభై దోమలే దొరికాయి, ముప్పై రెండు గుడ్లు పెట్టినవి. శాతం అరవై నాలుగే. కానీ యాభైతో తేల్చిన శాతం మీద అంత భరోసా పెట్టలేం. అసలు విలువ యాభై ఒకటి నుంచి డెబ్భై ఏడు మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఆ రెండు కొసల్నీ పైన చెప్పిన లెక్కలో వేస్తే జ్వరం మోసే శక్తిలో తేడా ఇరవై రెట్లు వస్తుంది. అలాంటి జవాబుతో ఏ నిర్ణయమూ తీసుకోలేం. ఎనిమిది వందల దోమలతో చేస్తే తేడా రెండు రెట్లకు తగ్గుతుంది. ‘ఎనిమిది వందలు తెండి’ అని లెక్కల మనిషి అంటాడు. ‘ఆ పల్లెలో వాన పడ్డ నెలల్లో కూడా తెల్లవారేసరికి పదిహేను దొరికితే గొప్ప’ అని దోమల మనిషి అంటాడు. అప్పుడు నాలుగు పల్లెలు కలపాలా, నెలలు కలపాలా, కలిపితే ఏం పోతుంది అని ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి. అన్వయ గణితం అంటే నా దృష్టిలో ఈ సంభాషణే. మోడల్, అంటే జ్వరం ఎలా పాకుతుందో చూపే లెక్కల నమూనా, తయారయ్యాక దోమల మనిషిని పిలిచి సంతకం పెట్టించుకోవడాన్ని సహకారం అనలేం.

దోమల జాతి సంగతి ఇంకా చిక్కు. కొండ దిగువ పారే సెలయేళ్లలో పుట్టే అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ మన ప్రాంతంలో ముఖ్యమైన వాహకం. చూడ్డానికి అన్నీ ఒకటే. 1994లో సరళా సుబ్బారావు బృందం క్రోమోజోములు పరీక్షించి, ఈ ఒక్క పేరు కింద ఎస్, టి, యు అని మూడు వేర్వేరు జాతులున్నాయని తేల్చింది. ఎస్ ఎక్కువగా మనిషినే కుడుతుంది. మిగతా రెండూ పశువుల వైపు పోతాయి. జన్యుశాస్త్రం తెలిసినవాళ్లు పక్కన లేకుండా లెక్క కట్టేవాడు మూడింటినీ కలిపేసి సగటు తీస్తాడు. ఎస్ తక్కువున్న పల్లెకు ప్రమాదం ఎక్కువ చూపిస్తాడు, ఎస్ నిండిన పల్లెకు తక్కువ చూపిస్తాడు. పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్‌కు కోరాపుట్‌లో క్షేత్ర కేంద్రం ఉండటం వల్లే ఇలాంటి వివరాలు మన కొండల గురించి తెలుస్తున్నాయి.

వేడి మాట క్లుప్తంగా. క్రిమి పెరగడానికి 28 డిగ్రీల దగ్గర తొమ్మిది పది రోజులు చాలు, 20 డిగ్రీల దగ్గర నాలుగు వారాలు కావాలి. రోజువారీ అవకాశం 0.9 ఉన్నా నాలుగు వారాలు బతికేవి నూటికి ఐదే. తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్‌కూ, రెండు వందల లోపు ఉన్న మల్కాన్‌గిరికీ చలికాలంలో ఇదే తేడా. అయితే దోమ వాతావరణ శాఖ థర్మామీటరు దగ్గర ఉండదు, పొయ్యి వెలుగుతున్న ఇంటి చూరు కింద ఉంటుంది. అక్కడ వేడి ఎంతో ఆ ఇంట్లో కొలిచినవాళ్లే చెప్పాలి.

ఇక మనుషులు. దోమతెర పంచిన లెక్క రిజిస్టరులో ఉంటుంది, కట్టుకున్న లెక్క ఉండదు. కోతల ముందు కుటుంబమంతా పోడు మీద పాకలో పడుకుని పంట కాస్తుంది. ఇప్పపువ్వు రాలే రోజుల్లో చీకటితోనే అడవిలోకి వెళ్తారు. ఎండాకాలం ఆరుబయటే మంచాలు. ఇంట్లో దోమతెర ఉందా అంటే ఉంది. నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నావు అని అడిగితే వచ్చే జవాబు వేరు, పైగా ఆ ప్రశ్నను కువిలోనో సవరలోనో దేశియాలోనో కోయలోనో అడగగలిగినవాళ్లు అడిగితేనే ఆ జవాబు వస్తుంది. ఊళ్లో అందరికీ తెలిసిన ఆశా దీదీ ఈ ఒక్క ప్రశ్నతో మోడల్‌లోని ఒక పెద్ద లోటు పూరిస్తుంది.

ఇదంతా పట్టించుకోకపోతే ఏమవుతుందో చరిత్రలో ఉంది. నైజీరియాలో గార్కి అనే చోట 1969 నుంచి 1976 దాకా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక పెద్ద ప్రయత్నం చేసింది. క్లాస్ డైట్జ్ అనే గణితజ్ఞుడూ, లూయీ మోలినో అనే వైద్యుడూ ఒకే బల్ల దగ్గర కూర్చుని మోడల్ తయారుచేశారు. ఇళ్లకు మందు కొట్టి, ఊరందరికీ మాత్రలిచ్చినా వ్యాప్తి పూర్తిగా తెగలేదు, ఇంట్లో వాలని దోమలు అక్కడ చాలానే ఉన్నాయి. ఆ సంగతి దాచకుండా ప్రచురించారు. నాకు ఆ నిజాయితీ మీద గౌరవం.

మన దేశం కథ అంతకంటే బాధాకరం. 1947లో ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదనీ, ఎనిమిది లక్షల మంది చనిపోయేవారనీ అంచనా. 1953లో జాతీయ కార్యక్రమం మొదలై, గోడలకు డి.డి.టి. కొట్టగా కొట్టగా 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. అయిపోయిందనుకున్నారు. పట్టు సడలింది, దోమలు మందుకు అలవాటుపడ్డాయి. 1976లో 64 లక్షలకు పైగా కేసులు. దోమ బతికే తీరు మారనంతకాలం మందు లేనప్పుడు ఆ అంకె ‘ఒకటి’కి పైనే ఉంటుంది, చేయి తీసిన మరుక్షణం జ్వరం పాత చోటికే వస్తుందని లెక్క ముందే చెబుతోంది. ఆ లెక్క తెలిసినవాళ్లూ, బడ్జెట్ రాసేవాళ్లూ ఒకరి మాట ఒకరు వినలేదు.

ఒడిశా 2017లో మొదలుపెట్టిన దమన్ అనే మలేరియా నివారణ కార్యక్రమం ఈ పాఠాన్ని కొంత నేర్చుకుంది. దాని వెనకున్న ఆలోచన కూడా మెక్‌డొనాల్డ్ సూత్రంలోదే. దోమ ఆయువు ఒక వైపు, మనిషి ఒంట్లో క్రిమి ఎన్నాళ్లుంటుందన్నది ఇంకో వైపు. తరతరాలుగా జ్వరం చూసిన కొండ పల్లెల్లో పెద్దవాళ్లకు క్రిమి ఉన్నా చలీ రాదు, జ్వరమూ రాదు. ఆస్పత్రికి రారు, నెలల తరబడి దోమలకు క్రిమిని అందిస్తూనే ఉంటారు. జ్వరం వచ్చినవాళ్లకే మందిస్తే ఈ నిల్వ కదలదు. అందుకని దారి లేని ఊళ్లకు వానలకు ముందొకసారి, తర్వాత ఒకసారి వెళ్లి, జ్వరం ఉన్నా లేకున్నా అందరి వేలి రక్తం కిట్టు మీద చూసి, ఉన్నవాళ్లకు మందిచ్చారు. దానికి ముందు అనుగుల్, ఢెంకనాల్, బలంగీర్, కంధమాల్ జిల్లాల్లో జాతీయ మలేరియా పరిశోధన సంస్థ, రాష్ట్ర ఆరోగ్య శాఖ కలిసి చేసిన ప్రయోగం దారి చూపింది. అదే ఏడాది లక్షల్లో దోమతెరలు పంచారు. 2016లో రాష్ట్రంలో నాలుగు లక్షల నలభై వేలకు పైగా ఉన్న కేసులు 2019లో నలభై వేల లోపుకు వచ్చాయి. 2023లో మళ్లీ పెరిగాయి. వెతికితే కేసులు ఎక్కువ కనబడటం వేరు, వ్యాప్తి పెరగడం వేరు. ఎన్ని పరీక్షలు చేస్తే ఎన్ని వచ్చాయో పక్కపక్కన పెట్టకుండా పేపర్లో ‘పెరిగిన మలేరియా’ అని శీర్షిక పెడితే, శ్రద్ధగా వెతికిన బ్లాకుకే చెడ్డపేరు వస్తుంది.

ఇక సరిహద్దు. రాయగడలో మనకు ఒంట్లో బాగోలేకపోతే పార్వతీపురమో విజయనగరమో విశాఖో పోతాం. గుణుపురం, పర్లాకిమిడి వాళ్లు శ్రీకాకుళం వైపు, మోటు వాళ్లు శబరి దాటి చింతూరు, భద్రాచలం వైపు. అక్కడ రక్తం చూసి మలేరియా అని తేలితే ఆ పేరు అవతలి రాష్ట్రం పుస్తకంలో పడుతుంది. ప్రైవేటు క్లినిక్కులో తేలితే చాలాసార్లు ఎక్కడా పడదు. జ్వరం పట్టింది మాత్రం ఇవతలి కొండ కింద. ఒడిశా పుస్తకం చూసి మోడల్ నడిపితే మా సరిహద్దు బ్లాకులు ఉన్నదానికన్నా ఆరోగ్యంగా కనిపిస్తాయి, ఆంధ్ర పుస్తకం చూసి నడిపితే అక్కడి మండలాలు ఉన్నదానికన్నా రోగిష్ఠిగా కనిపిస్తాయి. ఎంత గొప్ప సూత్రమైనా ఈ తప్పును సరిచేయలేదు.

సరిచేయడం మాత్రం అసాధ్యం కాదు. రెండు వైపుల పుస్తకాల్లోంచి రోగి పేర్లు తీసేసి, ఊరు, వారం, వయసు, పరీక్ష ఫలితం అన్న నాలుగు గడులు కలిపితే చాలు. కలిపేటప్పుడు తగిలే ముడి ఊరి పేరే. ఒకే పల్లెను ఒడియా పుస్తకంలో ఒక రకంగా, తెలుగులో ఇంకో రకంగా, ఇంగ్లీషులో మూడు రకాలుగా రాస్తారు. ఒకే పేరున్న ‘గూడ’లు ఒక్క బ్లాకులోనే రెండు మూడు ఉంటాయి. అక్షరాల దగ్గరతనాన్ని కొలిచే గణిత పద్ధతులు ఉన్నాయి, కంప్యూటరు ముప్పావువంతు జతలు కలిపినా మిగిలిన పావువంతు దగ్గర ఆ ఊళ్లు తెలిసి, రెండు లిపులూ చదవగలిగిన మనిషి కావాలి. మా జిల్లాల్లో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివిన డిగ్రీ పిల్లలు ప్రతి కాలేజీలోనూ ఉన్నారు. వాళ్లకు వర్గమూలమూ తెలుసు, ఏ గూడ ఏ వాగు పక్కనుందో కూడా తెలుసు. రెండు జిల్లాల మలేరియా అధికారులు అనుమతిస్తే, వానల తర్వాతి నాలుగు నెలల పుస్తకాలతో ఒక్క బ్లాకు, దాని పక్క ఒక్క మండలం తీసుకుని మొదలుపెట్టొచ్చు.